ఆటలో ముగ్గు వేసిన నేరం

కొన్న ఆటలే ఆడాలని నాకో పట్టింపు ఉండేది. మడి కట్టుకుని కూర్చున్నావని మా ఆయన వెక్కిరించేవాడు. గురుగ్రామ్‌లో నేను పనిచేసే ఆఫీసులో కంప్యూటర్ ఆటల పిచ్చి చాలామందికి ఉంది కానీ, వాటిని డబ్బిచ్చి కొనేవాళ్ళం తక్కువ. మిగతావాళ్ళు ఆడేవి క్రాక్ చేసిన కాపీలు, అంటే ఎవరో తాళం పగలగొట్టి ఇంటర్నెట్‌లో పడేసినవి. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాళ్ళే సాఫ్ట్‌వేర్ దొంగిలిస్తే ఎలాగని క్యాంటీన్‌లో నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని. అందరూ శ్రద్ధగా వినేవారు. నా డబ్బాలో పులిహోర ఖాళీ చేసేవారు. సాయంత్రం ఇంటికి పోయి దొంగ కాపీలు ఆడుకునేవారు.

వాళ్ళందరికీ గురువు మా టీమ్‌లోనే ఉన్న హైదరాబాద్ అబ్బాయి. ఢిల్లీకి ఆ చివర వైశాలిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు.

"నువ్వు కొన్న అనుకుంటున్నవ్ అక్కా. వాళ్ళు నీకు అమ్మలే, కిరాయికిచ్చిండ్రు. బుద్ధి పుడితే రేపు తాళమేసి పొమ్మంటరు. ఆ అగ్రిమెంట్ ఎప్పుడన్న చదివినవా?"

చదవలేదు. ఎవరు చదువుతారు? అంత పొడవు కాగితాన్ని చదివే ఓపికే ఉంటే ఆటలు ఎందుకు ఆడతాం? కానీ ఆ మాట వాడితో అనకుండా, నీతి నియమం అంటూ ఇంకో ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని.

అలాగని కొనేవాళ్ళం ఏదో ఉద్ధరించామని కాదు. ఒకసారి ఒక పెద్ద కంపెనీ సగం ఉడికిన ఆటను పూర్తి ధరకు అంటగట్టి, మిగతా సగాన్ని విడిగా అమ్మకానికి పెట్టింది. మాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసు క్యాబ్‌లో, ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇక జన్మలో ఆ కంపెనీ ఆట ముట్టుకోమని అందరం శపథం చేశాం. ఆ కంపెనీ తరువాతి ఆట విడుదలైన రోజున క్యాబ్ సగం ఖాళీ. రానివాళ్ళందరికీ ఒకేసారి వైరల్ జ్వరం. నాకూ వచ్చింది. ఆ జ్వరంలోనే ఆన్‌లైన్‌లో ఒకరికొకరం తగిలి, ఎవరం ఎవరినీ ఏమీ అడగకుండా ఆడుకున్నాం.

ఇక మా ఇంటి సంగతి. ఢిల్లీకి ఈ చివర ద్వారక అనే పేటలో, ఒక సొసైటీలో మా ఫ్లాట్. మామయ్యగారు పోయాక అత్తయ్య కాకినాడ నుంచి మా దగ్గరికే వచ్చేశారు. ఆవిడకు వచ్చిన హిందీ రెండే ముక్కలు, 'అచ్ఛా', 'ఠీక్ హై'. ఎవరేమన్నా ఆ రెంటిలో ఒకటి అనేవారు. దాంతో మా బ్లాకులో ఏ చందా వాళ్ళు వచ్చినా ముందు మా తలుపే కొట్టేవారు. అంతకు మించి మా తలుపు కొట్టినవాళ్ళు లేరు. ఎదురింటి వాళ్ళు ఏళ్ళుగా ఉన్నా, వాళ్ళ చెప్పుల స్టాండు తప్ప మాకు పెద్దగా పరిచయం లేదు. అత్తయ్య మాత్రం ఆ తలుపు తెరుచుకుంటుందేమోనని చాలాకాలం చూశారు.

వచ్చిన కొత్తలో ఆవిడ పొద్దున్నే లేచి లిఫ్ట్ ముందు కారిడార్‌లో ముగ్గు వేసేవారు. మన గుమ్మం ముందే కాదు, అంతస్తులో ఉన్న అన్ని గుమ్మాల ముందూ. మనకొక్కరికే వేసుకుంటే ఏం బాగుంటుందని ఆవిడ ఉద్దేశం. ఊడ్చే దీదీ వచ్చి తుడిచేసేది. ఈవిడ మర్నాడు మళ్ళీ వేసేవారు. కొన్నాళ్ళకు సొసైటీ గ్రూపులో చర్చ మొదలైంది. ఎవరో తెల్లపొడి చల్లుతున్నారు, చీమల మందేమో చూడండి అని ఒకరు. టోట్కా చేస్తున్నారు, పిల్లలను బయటకు పంపకండి అని ఇంకో ఆంటీ. ఆవిడ లెక్కలో మా అత్తయ్య చేతబడి చేస్తున్నారన్నమాట. ఆఖరుకు సొసైటీ ఆఫీసు నుంచి హెచ్చరిక వచ్చింది, ఉమ్మడి స్థలాన్ని పాడుచేయరాదని. కారిడార్‌లో విరిగిన సైకిళ్ళు, పాత కూలర్లు, ఎవరిదో పరుపు ఉన్నాయి. వాటివల్ల పాడుకాని స్థలం ముగ్గుతో పాడైంది. నేను పోట్లాడతానంటే అత్తయ్యే వద్దన్నారు.

"పోనీలేవే అమ్మాయ్. వాళ్ళకి ఇష్టం లేనప్పుడు మనమెందుకు బలవంతంగా వేయడం?"

ఆ తరువాత ఆవిడ పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలియక సోఫాలో కూర్చునేవారు. నేనొక ఆదివారం ఇంట్లో కంప్యూటర్‌ను టీవీకి తగిలించి ఆట ఆడుతుంటే పక్కన చేరారు. అదొక ఊరి ఆట. చిన్న ఇల్లు, తోట, చేపలు పట్టుకోవడానికి ఏరు, చుట్టూ కొన్ని ఇళ్ళు. పోరాటాలూ చావులూ లేవు. నేలమీద రాళ్ళూ పూలూ పరుచుకోవచ్చు. అత్తయ్య కాసేపు చూసి, "ఆ పూలని వరసగా పెట్టొచ్చా?" అని అడిగారు. పెట్టొచ్చన్నాను. రిమోట్ లాంటి ఆ కంట్రోలర్‌ను చేతికిచ్చాను. సాయంత్రానికి ఆ ఇంటి ముందు తెల్లపూల చుక్కలూ వాటి చుట్టూ మెలికలూ వెలిశాయి.

అప్పటినుంచి నేను ఆఫీసుకు వెళ్ళగానే నా ఖాతాతో ఆవిడ ఆడేవారు. ఆ ఆటలో పావుగంటకోసారి తెల్లవారుతుంది. తెల్లవారగానే ఆవిడ నిన్నటి ముగ్గు తీసేసి కొత్తది వేసేవారు. తమ ఇంటి ముందు, తరువాత ఆ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ. ఆ ఊళ్ళో ఎవరూ టోట్కా అనలేదు.

అక్కడ ఇంకో సదుపాయం ఉంది. వేరే దేశాల్లో ఆడుకునేవాళ్ళు మన ఊరు చూడటానికి రావచ్చు. మాటలుండవు, చేయి ఊపడం, వంగి దండం పెట్టడం, చప్పట్లు కొట్టడం లాంటి సైగలే. దారినపోయేవాళ్ళు ముగ్గులు చూసి ఆగేవారు. ఒక పసుపుపచ్చ టోపీ మనిషి మాత్రం రోజూ వచ్చేది. ఎవరో, ఏ దేశమో, ఆడో మగో మాకు తెలియదు. అత్తయ్య మాత్రం ఆడపిల్లేనని తేల్చేశారు. ఆ పిల్ల వచ్చి ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి, గుమ్మం దగ్గర వంగేది. ఈవిడ దండం పెట్టేవారు. ఒకరోజు ఆ పిల్ల తనే పూలు పరచి ముగ్గు వేయబోయింది. వంకరగా వచ్చిందట. అత్తయ్య పక్కన కూర్చుని చుక్కలు సర్ది చూపించారట. నేను ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకముందే ఆ కథంతా చెప్పారు. ద్వారకకు వచ్చాక ఆవిడ అంత సంతోషంగా మాట్లాడటం నేను చూడలేదు. ఈ ఊళ్ళో ఆవిడకు దొరికిన ఒకే ఒక్క స్నేహం అదే.

ఆ ఆటతోపాటు కంపెనీ మన కంప్యూటర్‌లో ఒక కాపలా ప్రోగ్రామ్‌ను కూడా కూర్చోబెడుతుంది. ఆట కొన్నదా దొంగదా అని అదే చూస్తుంది. ఆడేది మనిషా, మనిషి బదులు ఆడిపెట్టే దొంగ ప్రోగ్రామా అని కూడా అదే చూస్తుంది. కాపీలు కొట్టేవాళ్ళు దాన్ని పీకి పారేసి ఆడుకుంటారు కాబట్టి, అది కాపలా కాసేది కొన్నవాళ్ళనే. నెట్ లేకపోతే ఒంటరిగా ఆడే ఆట కూడా తెరుచుకోదు. సొసైటీలో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా నెట్ ఒకసారి ఆగి వస్తుంది. ఆమాత్రానికే ఆట మమ్మల్ని గుమ్మం బయటకు తోసేసేది. "కరెంటు పోతే ఊరు కూడా పోవడమేమిటే?" అని అత్తయ్య ఆశ్చర్యపోయేవారు. సముద్రం అవతల కంపెనీకి దొంగలంటే ఉన్న భయానికీ ద్వారకలో పోయే కరెంటుకూ ఉన్న సంబంధం ఎలా వివరించాలో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు ఆఫీసులో ఉండగా అత్తయ్య ఫోన్ చేశారు.

"అమ్మాయ్, ఊళ్ళోకి రానివ్వట్లేదు. ఏదో ఇంగ్లీషులో ఎర్రగా వస్తోంది."

కరెంటు పోయిందేమో, కాసేపాగి చూడమన్నాను. సాయంత్రం వచ్చి చదివితే తెలిసింది. మా ఖాతాలో 'యంత్రంతో ఆడించిన లక్షణాలు' కనిపించాయట. ఒకే రకమైన పనిని, ఒకే వేళకు, మనిషికి సాధ్యంకానంత ఓపికతో, ఏ లాభమూ లేకుండా పదేపదే చేస్తున్నారట. అందువల్ల ఖాతాను శాశ్వతంగా మూసేశారు. ఇన్నేళ్ళుగా నేను కొన్న ఆటలన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. అవీ పోయాయి.

లాభం లేకుండా రోజూ ఒకే పని చేసేది యంత్రమేనని వాళ్ళ నమ్మకం. పొద్దున లేచి గుమ్మం ముందు ముగ్గు వేసే మనుషులుంటారని వాళ్ళ ప్రోగ్రామ్‌కు ఎవరూ చెప్పినట్టు లేరు. నాకు నా ఆటలు పోయినందుకు పట్టరాని కోపం వచ్చింది. అత్తయ్య మొహం చూశాక ఆ కోపం పక్కకు పోయింది.

"ఆ పిల్ల వచ్చి చూస్తుందేమోనే. చెప్పకుండా పోయాననుకుంటుంది," అన్నారావిడ.

ఎలాగైనా ఆ ఊరు తెరిపిస్తానని మాటిచ్చాను. కంపెనీకి అర్జీ పెట్టుకున్నాను. ముగ్గు అంటే ఏమిటో, ఎందుకు వేస్తారో, వేసినదాన్ని మర్నాడు ఎందుకు తీసేస్తారో, పెద్ద పరీక్షకు రాసినట్టు రాశాను. జవాబు వచ్చింది. మీ నిరాశను అర్థం చేసుకున్నాం, మా నిర్ణయం సరైనదే, మీ రోజు ఆనందంగా గడవాలి అని. మళ్ళీ రాశాను. అదే జవాబు, అక్షరం మారలేదు, కింద సంతకం మాత్రం వేరే మనిషిది. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే. ఒకే పని పదేపదే చేస్తున్నారని మా అత్తయ్యను యంత్రమన్నవాళ్ళు, ఒకే ఉత్తరాన్ని వేరువేరు మనుషుల సంతకాలతో అదేపనిగా పంపించారు. నా రోజు ఆనందంగా గడవాలని మాత్రం ప్రతివాళ్ళూ కోరుకున్నారు.

నేను వదల్లేదు. అప్పుడు ఎవరికో విసుగు పుట్టి, చివరి అవకాశం ఇచ్చారు. ఆడే మనిషి మొహమూ, చేతులూ, తెరా కనిపించేలా ఒక వీడియో తీసి పంపాలి. అందుకోసం ఒక గంటసేపు ఖాతా తెరుస్తారు. ఆ గంట ఎప్పుడో వాళ్ళే నిర్ణయిస్తారు. వీడియో ఒక్కటే పంపాలి, మళ్ళీ అవకాశం లేదు.

వాళ్ళు నిర్ణయించిన గంట నాకు ఆఫీసులో ఒక పెద్ద మీటింగున్న వేళ పడింది. మా ఆయన ఇంటినుంచి పనిచేస్తున్నాడు కాబట్టి ఆ బాధ్యత ఆయనకు అప్పగించాను. అత్తయ్యకు ముందురోజే అన్నీ చెప్పాను. ముగ్గుల వల్లే అనుమానం వచ్చిందని, అందుకే వాళ్ళు ఆవిడను చూడాలనుకుంటున్నారని చెప్పాను. ఆవిడ బుద్ధిగా విన్నారు. ఏ చీర కట్టుకోమంటావని అడిగారు.

మీటింగ్ మధ్యలో మా ఆయన మెసేజ్ పెట్టాడు, అమ్మ అదరగొట్టింది, పంపేశానని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ ఆ వీడియో పెట్టుకుని చూశాను.

అత్తయ్య వెంకటగిరి చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. ఆటలో తెల్లవారింది. ఆవిడ పాత ముగ్గు తీసేశారు. కొత్తది వేయలేదు. తోటకు నీళ్ళు పెట్టారు. చేపలు పట్టారు. మళ్ళీ తెల్లవారింది. గుమ్మాలు బోసిగానే ఉన్నాయి. ఇంతలో పసుపుపచ్చ టోపీ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. గుమ్మం ముందు ఆగి, ఖాళీ నేల చూసి, అటూ ఇటూ తిరిగింది. అత్తయ్య దండం పెట్టారు. పూలు మాత్రం పరచలేదు.

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"అత్తయ్యా, ముగ్గు వేయలేదేం?"

"వాళ్ళకి అదంటే పడట్లేదన్నావు కదే. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు మళ్ళీ అదే చేస్తే బాగుంటుందా? మనం మంచివాళ్ళమని తెలియాలి కదా."

"మరి మీరైనా చూసుకోవద్దా?" అని మా ఆయన మీద పడ్డాను.

"అమ్మ ఇంత చక్కగా ఆడుతుంటే మధ్యలో నేనేం చెప్తాను?" అన్నాడాయన. ఆయనకు ఆటలంటే అంతే తెలుసు.

కంపెనీ వాళ్ళు ఈసారి కొత్త ఉత్తరం రాశారు. వీడియోలో ఉన్న మనిషి మనిషేనని ఒప్పుకున్నారు. అయితే ఆ మనిషి ఆడే తీరుకూ, ఖాతాలో నమోదైన తీరుకూ పోలికే లేదు కాబట్టి, ఇన్నాళ్ళూ ఆడింది యంత్రమేనని రుజువైందట. ఇక ఈ విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలు ఉండవన్నారు. నా రోజు ఆనందంగా గడవాలన్నారు.

వైశాలిలో ఉండే మా హైదరాబాద్ అబ్బాయికి సంగతి తెలిసి, ఆదివారం మెట్రో ఎక్కి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా ప్రయాణం చేసి మా ఇంటికి వచ్చాడు. జేబులో పెన్‌డ్రైవ్. మొహంలో ఎన్నికలు గెలిచిన కళ.

"నేను ముందే చెప్పిన గద అక్కా," అంటూ సోఫాలో కూర్చున్నాడు. పెసరట్లు తింటూ, నేను క్యాంటీన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలన్నిటికీ వడ్డీతో సహా జవాబిచ్చాడు. పెద్ద కంపెనీలు దోపిడీ చేస్తాయన్నాడు. క్రాక్ చేసేవాళ్ళే నిజమైన ప్రజాసేవకులన్నాడు. ఆ ప్రజాసేవకులు పంపిన ఫైలును చూసి కంప్యూటర్‌లో యాంటీవైరస్ గోలపెడితే, "దాన్ని బంద్ చెయ్ అక్కా, అది కంపెనీలోళ్ళ మనిషి," అన్నాడు. వాడు పగలగొట్టిన తాళాల గురించి గొప్పలు చెప్తుంటే, నేను ఒకప్పుడు కొన్న ఆటల గురించి గొప్పలు చెప్పుకున్నది గుర్తొచ్చింది. మా ఇద్దరిలో ఎవరికీ ఆ ఊరి గురించి పట్టింపు లేదని కూడా అప్పుడే అనిపించింది. మా గొడవ మాది.

అత్తయ్య వాడికి ఇంకో అట్టు వేస్తూ అడిగారు.

"ఇది దొంగతనం కాదా బాబూ?"

"కొన్నదాన్నే మళ్ల తెచ్చుకుంటున్నం ఆంటీ. ఇగ మీ ఊరికి ఎవ్వడు తాళమెయ్యలేడు."

ఆట తెరుచుకుంది. నిజం చెప్పాలంటే కొన్నదానికంటే త్వరగా తెరుచుకుంది. నెట్ అడగలేదు, నువ్వెవరని అడగలేదు. కొత్త ఊరు, ఖాళీ ఇల్లు, గడ్డి పెరిగిన తోట. అత్తయ్య పాత ఊరు కంపెనీ దగ్గరే ఉండిపోయింది కాబట్టి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆవిడ కంట్రోలర్ తీసుకుని గడ్డి పీకారు, పూలు సంపాదించారు. రెండు మూడు రోజుల్లో గుమ్మాలన్నిటి ముందూ ముగ్గులు వచ్చేశాయి. నేను ఆఫీసు నుంచి వచ్చి చూసి, గెలిచామనుకున్నాను. కంపెనీని తిట్టుకుంటూ, హైదరాబాద్ అబ్బాయిని మనసులోనే మెచ్చుకుంటూ ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఇక మిమ్మల్ని ఎవరూ వెళ్ళగొట్టలేరు అత్తయ్యా. రోజంతా వేసుకోండి, అడిగేవాళ్ళే లేరు."

ఆవిడ ఊరి పొలిమేర దాకా నడిచి, అక్కడ నిలబడి, చాలాసేపు చూశారు. తిరిగి గుమ్మం దగ్గరకు వచ్చారు. మళ్ళీ పొలిమేర దాకా వెళ్ళారు. నాకు అప్పుడు అర్థమైంది. చెప్పక తప్పలేదు.

"ఇది నెట్‌కు తగలదు అత్తయ్యా. అందుకే వాళ్ళు పట్టుకోలేరు. తగిలిస్తే వెంటనే మూసేస్తారు."

"అంటే ఇక్కడికి ఎవరూ రారా?"

"రారు."

"ఆ పిల్ల కూడా?"

"ఆ పిల్ల ఎవరో మనకు తెలియదు కదా అత్తయ్యా. కబురు పంపే దారి లేదు."

ఆవిడ తెరమీద ఉన్న ఇళ్ళ వైపు చూశారు. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి. అన్ని గుమ్మాల ముందూ ముగ్గులు ఉన్నాయి. ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు.

"అయితే ఇదీ ద్వారకేనే అమ్మాయ్," అని, కంట్రోలర్ నా ఒళ్ళో పెట్టి, ఆవిడ పప్పు నానబోయడానికి లేచారు.